నాటాల్ తోటల్లో తెలుగు మాట: జాన్ రంగయ్య గారి కథ

గరివిడి నుంచి మాట్లాడుతున్నా. మన వైపు వలస గురించి కొత్తగా చెప్పక్కర్లేదు కదా. చెన్నై, హైదరాబాద్, గల్ఫ్, ఏ వీధి చూసినా ఎవరో ఒకరు వెళ్లినోళ్లే. ఇవాళ మాత్రం చాలా పాత వలస గురించి, ఆ వలసపోయినోళ్ల కోసం సముద్రం దాటి వెళ్లిన ఒక తెలుగు మిషనరీ గురించి చెప్తా.

1860 నుంచి 1911 దాకా మన దేశం నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి సుమారు 1,52,000 మంది కూలీలు వెళ్లారు. ఎక్కువ మంది మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్లు. అందులో విశాఖపట్నం, గంజాం జిల్లాల వాళ్లు చాలామంది. అప్పట్లో విజయనగరం విశాఖ జిల్లాలో, శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేవి. అంటే మనోళ్లే.

ఒప్పందం 5 ఏళ్లు. మొదటి ఏడాది జీతం నెలకి 10 షిల్లింగులు. చీటీ లేకుండా తోట దాటి బయటికి పోకూడదు. ఒప్పందం అయ్యాక ఇంటికి పోకుండా అక్కడే ఉంటే ఏడాదికి 3 పౌండ్ల పన్ను. 3 పౌండ్లంటే 60 షిల్లింగులు, మొదటి ఏడాది లెక్కన ఆరు నెలల జీతం! 1903లో ఈ పన్నుని వయసొచ్చిన పిల్లల మీదికి కూడా తెచ్చారు. సరిగ్గా ఆ ఏడాదే జాన్ రంగయ్య గారు నాటాల్‌లో దిగారు.

ఆయన్ని పంపింది నెల్లూరు వైపు తెలుగు క్రైస్తవులు. తెలుగు బాప్టిస్ట్ హోమ్ మిషనరీ సొసైటీ అని, మనవాళ్లు సొంతంగా నడుపుకున్న సంఘం. నాకు ఈ కథలో బాగా నచ్చేది ఇదే. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఆ నెల్లూరు మిషన్ మొదలుపెట్టిన శామ్యూల్ డే కెనడాలో పుట్టిన కుర్రాడు. 1836లో విశాఖలో దిగేటప్పటికి ముప్పై కూడా లేవు. తర్వాత కొన్ని నెలలు మన శ్రీకాకుళంలోనే ఉండి, 1837లో మద్రాసు, 1840లో నెల్లూరు వెళ్లాడు. జనంతో మాట్లాడాలంటే ముందు తెలుగు నేర్చుకోవాల్సిన మనిషి. అరవై ఏడేళ్లకి ఆ మిషన్‌లోంచే, తెలుగు అమ్మభాష అయిన మనిషి పరదేశానికి మిషనరీగా వెళ్లాడు. మిషనరీ అనగానే తెల్లదొర బొమ్మ కనిపిస్తుంది చూడండి, ఇక్కడది తిరగబడింది.

సరే, నాటాల్‌లో తెలుగు మిషనరీ అవసరం ఏంటి? అక్కడ మద్రాసు నుంచి వచ్చినోళ్లలో తమిళం వాళ్లే ఎక్కువ. దొరది ఇంగ్లీషు, ఊరిది జూలూ. తెలుగోడు వీళ్లందరి మధ్య చిన్న గుంపు. పెళ్లికి, చావుకి, ప్రార్థనకి తన భాషలో నాలుగు మాటలు చెప్పే మనిషి దొరకడం కష్టం. వలస వెళ్లినోళ్లలో నెల్లూరు, ఒంగోలు వైపు బాప్టిస్టులు కొందరున్నారు. పాస్టర్ లేక ఇబ్బందవుతోందని ఇంటికి కబురు పెట్టింది వాళ్లే.

1903 చివర్లో డర్బన్‌కి ఉత్తరాన కియర్స్‌నీలో, హ్యూలెట్ దొర తేయాకు తోటలో, మొదటి తెలుగు బాప్టిస్ట్ సంఘం ఏర్పడింది. ఇక్కడ నాకో ఇరకాటం కనిపిస్తుంది. సంఘం కూలీలది, నేల దొరది. ప్రార్థనకి దొర ఒప్పుకోవడం మంచితనమా, పనోళ్లు కుదురుగా ఉంటారన్న లెక్కా? రెండూ ఉండొచ్చనే నా అభిప్రాయం. అయినా వారమంతా నంబరుగా బతికిన మనిషిని ఆదివారం పేరుపెట్టి, తెలుగులో పిలిచే చోటు దొరికింది. నంబర్ అని ఊరికే అనట్లేదు. ఓడ రికార్డుల్లో ప్రతి కూలీకీ ఒక నంబర్ ఉంటుంది, పక్కనే తండ్రి పేరు, జిల్లా, ఊరు.

1913లో గాంధీ గారి పిలుపుతో తోటల్లోనూ గనుల్లోనూ పెద్ద సమ్మె జరిగింది, 1914లో ఆ పన్ను పోయింది. అదే ఏడాది రంగయ్య గారు నాటాల్ ఇండియన్ బాప్టిస్ట్ అసోసియేషన్ పెట్టారు. 1915లో చనిపోయారు. తర్వాత ఆయన కొడుకు థియోఫిలస్ కూడా అక్కడే పాస్టర్‌గా పనిచేశారు.

మరి భాష? తరాలు మారేకొద్దీ ఇళ్లలోకి ఇంగ్లీషు వచ్చేసింది, ప్రార్థనల్లోకీ వచ్చింది. తెలుగు నిలబెట్టుకోవడానికి 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ పుట్టింది, అది మతంతో పనిలేని ఇంకో దారి. ఇంట్లో తెలుగు పోయినా పేర్లు మాత్రం ఉన్నాయి. డర్బన్ వైపు ఇప్పటికీ అప్పలస్వామి, అప్పలరాజు అని ఇంటిపేర్లున్నాయి. ఆ పేర్లు ఏ వైపువో గరివిడిలో ఎవర్నడిగినా చెప్తారు.