కారెంపూడి వీరుల గుడి: పల్నాటి యుద్ధానికి సజీవ స్మారకం

పల్నాటి యుద్ధంలో నేలకొరిగిన వీరుల స్మృతికి నిలయమైన కారెంపూడి వీరుల గుడికి రాష్ట్ర చారిత్రక వారసత్వంలో విశిష్ట స్థానం ఉన్నది. నాగులేటి ఒడ్డున గల ఈ గ్రామం పూర్వం గుంటూరు జిల్లాలో ఉండగా, 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో పల్నాడు జిల్లాలో చేరినది. విజేత తన జయానికి గుర్తుగా నిలుపుకున్న కీర్తిస్తంభం కాదిది. రణరంగంలో ప్రాణాలు విడిచినవారికి వారి పరంపరను అనుసరించేవారు తరతరాలుగా అర్పిస్తున్న నివాళి. ఈ స్మారకం విలువ కట్టడంలో కన్నా దానిని ఏటా సజీవంగా నిలుపుతున్న ఆచారంలో అధికంగా ఉన్నది.

చారిత్రక నేపథ్యం

12వ శతాబ్ది ఉత్తరార్ధంలో పల్నాటి సీమ హైహయ వంశీయుల ఏలుబడిలో ఉండేది. గురజాల రాజధానిగా నలగామరాజు, మాచర్ల రాజధానిగా అతని సవతి సోదరుడు మలిదేవరాజు పాలించారు. గురజాల పక్షాన నాయకురాలు నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు మంత్రాంగం నడిపారు. కోడిపందెంలో ఓడిన మాచర్ల వారు ఒప్పందం ప్రకారం ఏడేండ్లు రాజ్యం విడిచి వెళ్ళారనీ, గడువు ముగిసిన పిదప రాజ్యభాగం కోరుతూ రాయబారిగా వెళ్ళిన అలరాజు చర్లగుడిపాడు వద్ద విషప్రయోగానికి బలి అయ్యాడనీ వీరగాథ చెబుతున్నది. అటుపిమ్మట కారెంపూడి వద్ద జరిగిన పోరులో బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు సహా అనేకులు అసువులు బాశారు. దాయాదుల పోరు కావడం వల్లనే దీనికి పల్నాటి భారతమన్న పేరు వచ్చినది. యుద్ధకాలాన్ని పలువురు 1182 ప్రాంతంగా పేర్కొంటున్నప్పటికీ, చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు.

కొణతాలు - ఆచారవంతులు

వీరగాథలో అరువది ఆరుగురు వీరనాయకుల ప్రస్తావన ప్రసిద్ధం. గుడిలో వీరులను లింగరూపంలో ఆరాధిస్తారు. వీరుల ఆయుధాలుగా భావించే కొణతాలు ఈ ఆరాధనకు ప్రాణం. వీటిని వంశపారంపర్యంగా పూజిస్తున్న వీరాచారవంతులు ఉత్సవాలకు వివిధ ప్రాంతాల నుండి కారెంపూడికి తీసుకొని వస్తారు. నాగులేటిలోని గంగధారి మడుగు వద్ద స్నానాదికాలు నిర్వర్తించి, కొణతాలతో వీరుల గుడికి తరలి వెళ్ళడం ఆనవాయితీ. ఒక్కొక్క కొణతం ఒక్కొక్క వీరుని సన్నిధికి గుర్తు. కావున గుడి ఒకచోట ఉన్నప్పటికీ, ఈ స్మారకంలోని కొంత భాగం ఏడాది పొడవునా ఆచారవంతుల ఊళ్ళలోనే ఉంటుందని గ్రహించవలసి ఉన్నది.

ఐదు రోజుల ఉత్సవాలు

పల్నాటి వీరారాధన ఉత్సవాలు ఏటా కార్తీక అమావాస్యనాడు రాచగావుతో ప్రారంభమవుతాయి. తరువాత వరుసగా రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు జరుగుతాయి. రాయబారం అలరాజు ఉదంతాన్ని, మందపోరు ఆలమందను కాపాడుతూ లంకన్న చేసిన పోరాటాన్ని, కోడిపోరు కలహానికి మూలమైన పందెాన్ని, కళ్ళిపాడు రణరంగంలో వీరుల పతనాన్ని స్మరింపజేస్తాయి. కథలో కోడిపోరు, మందపోరు రాయబారానికి ముందే జరిగినవి. ఉత్సవ క్రమం కథాక్రమానికి భిన్నమైనదన్న విషయాన్ని వార్తా రచనలో గమనించడం అవసరం.

మందపోరునాడు జరిగే చాపకూడు ఈ ఉత్సవాలకే తలమానికం. కులభేదం పాటించక అందరూ ఒకే బంతిన కూర్చుండి భుజించే ఈ సంప్రదాయాన్ని బ్రహ్మనాయుడు నెలకొల్పినట్లు ప్రతీతి. మాల కులానికి చెందిన కన్నమదాసును ఆయన కుమారునిగా ఆదరించి సేనానిని చేసినట్లు గాథ చెబుతున్నది. యుద్ధ స్మారకంతో పాటు సహపంక్తి భోజన సంప్రదాయం కూడా కొనసాగుతూ రావడం కారెంపూడి ప్రత్యేకత.

గానం - గ్రంథం

వీరుల చరిత్రను ప్రజల నాలుకలపై నిలిపినవారు వీరవిద్యావంతులు. ద్విపదలో వెలసిన పల్నాటి వీరచరిత్ర శ్రీనాథుని కృతిగా ప్రసిద్ధి పొందినది. దీనిని అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి 1911లో ప్రకటించారు. అమెరికా పరిశోధకుడు జీన్ రోగేర్ వీరవిద్యావంతుడైన అలిశెట్టి గాలెయ్య గానం చేసిన కథను సేకరించి ఆంగ్లంలోకి అనువదించగా, అది 1982లో ఆక్స్‌ఫర్డ్ నుండి గ్రంథరూపంలో వెలువడినది. గ్రంథస్థ పాఠానికీ గాయకుల పాఠానికీ భేదాలు ఉన్నవి. నాగమ్మను కలహకారిణిగా చూపే కథనాలు ఉన్నట్లే, రాజ్యతంత్రం నెరపిన తెలుగు మహిళామంత్రిగా ఆమెను గౌరవించే దృష్టీ ఉన్నది. ఏ ఒక్క కథనాన్నో సంపూర్ణ చరిత్రగా స్వీకరించడం ఉచితం కాదు.

పరిరక్షణ ఆవశ్యకత

జాతీయ ప్రాధాన్యం గల స్మారకాల రక్షణను రాజ్యాంగంలోని 49వ అధికరణం ప్రభుత్వ బాధ్యతగా పేర్కొన్నది. మిశ్రమ సంస్కృతి వారసత్వాన్ని కాపాడుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని 51ఎ అధికరణం చెబుతున్నది. ఆచారాలు, మౌఖిక సంప్రదాయాలు కూడా వారసత్వమేనని యునెస్కో 2003లో చేసిన ఒడంబడికను భారతదేశం 2005లో ఆమోదించినది.

ఈ దృష్టితో చూసినప్పుడు గుడి గోడలకు మరమ్మతులు చేసినంత మాత్రాన కారెంపూడి స్మారకం భద్రమైనట్లు కాదు. ఆచారం వదలుకున్న ఇంట కొణతం కేవలం ఇనుప వస్తువుగా మిగిలిపోతుంది. గాయకుడు గతిస్తే, అతనికి మాత్రమే తెలిసిన కథాభాగం అతనితోనే అంతరిస్తుంది. ప్రతి కొణతానికి ఛాయాచిత్రంతో, అది ఏ వీరునిదో, ఏ ఊరిదో తెలిపే వివరాలతో ఆచారవంతుల సమ్మతిపై పట్టిక రూపొందించడం, వీరవిద్యావంతుల గానాన్ని సంపూర్ణంగా ధ్వనిముద్రణ చేయడం, నాగులేటి తీరాన్ని, గంగధారి మడుగును పరిశుభ్రంగా ఉంచడం గుడి పరిరక్షణలో అంతర్భాగాలు కావలసి ఉన్నది. కట్టడం శిథిలమైతే తిరిగి నిర్మించవచ్చును. తెగిపోయిన పరంపరను పునరుద్ధరించడం దుస్సాధ్యం.