మెట్ల మీద చిరుత

2023 సెప్టెంబరులో అలిపిరి దగ్గర తిరుమల నడకదారి భక్తులకు దేవస్థానం కర్రలు పంచింది. తర్వాత తిరిగి ఇచ్చెయ్యాలి. నాకొచ్చిన కర్ర అరచేతికి బాగానే కుదిరింది గానీ, దాంతో చిరుతను ఎలా ఎదుర్కోవాలో ఇచ్చినవాళ్ళకూ తెలీదు, పుచ్చుకున్నవాళ్ళకూ తెలీదు. గాలిగోపురం దాకా అది మోకాళ్ళకు మాత్రం సాయం చేసింది. ఫోన్లలో ఆ కర్రల మీద బోలెడు జోకులు తిరిగాయి, నేనూ నవ్వాను. ఏడో మైలు దాటాక పొద కదిలితే చాలు, కర్ర మీద పట్టు బిగిసేది.

ఆ భయం ఊరికే పుట్టలేదు. జూన్ 22 రాత్రి ఒక పసివాణ్ణి చిరుత ఈడ్చుకుపోయింది. జనం అరుచుకుంటూ వెంటపడితే వదిలేసింది, బిడ్డ బతికాడు. ఆగస్టు 11 రాత్రి లక్ష్మీనరసింహస్వామి గుడికి దగ్గర్లో ఆరేళ్ళ పాప కనిపించకుండా పోయింది. తెల్లారి శవం దొరికింది. ఆ తర్వాత పదిహేనేళ్ళలోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు దాటితే మెట్లెక్కనివ్వలేదు. భక్తుల్ని గుంపులు కట్టి పంపారు. బోన్లు పెట్టారు. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా ఆరు చిరుతలు వాటిలో పడ్డాయి. ఒక్కోటి పడినప్పుడల్లా టీవీల్లో పండగే. చిక్కు అక్కడే వచ్చింది. చిరుతను పట్టేశామన్నది ధైర్యం చెప్పే కబురు కావాలి. వినేవాడి చెవికి మాత్రం అది 'ఇంకోటి కూడా ఉందన్నమాట' అనే వినపడింది. బోను నిండేకొద్దీ అడవిలో చిరుతలు పెరుగుతున్నట్టే తోచింది.

సింహం నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూస్తుందంటారు. ఆ మెట్ల మీద మేమంతా వెనక్కి చూస్తూనే ఎక్కాం, చిరుత కోసం. ఇంకాస్త వెనక్కి చూసుంటే బాగుండేది.

1944లో మొదటి ఘాట్‌రోడ్డు తెరిచేదాకా కొండకు నడకో డోలీయో తప్ప గతి లేదు. శేషాచలం అడవిలో క్రూరమృగం అప్పుడు వార్త కాదు, దారిలో ఒక భాగం. బెంగళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ 1954లో అచ్చేసిన పుస్తకంలో చామల లోయ మనుషుల్ని తినే పులి కథ ఉంది. ఆ లోయ మన భాకరాపేట పక్కనే. రచ్చబండ మీద అలాంటి కథ చెబుతుంటే వినేవాళ్ళకు ఊరి పేరు తెలుసు, చచ్చినవాడి తండ్రి తెలుసు, అడవి ఎంత దూరమో తెలుసు. కథకు ఒక కొలత ఉండేది. ఇప్పుడు అనంతపురంలో మంచం మీద పడుకున్నవాడికీ అమెరికాలో తెల్లారి లేచినవాడికీ ఒకే సీసీ కెమెరా బొమ్మ, అదే చిరుత, పాతికసార్లు. ఒకే జంతువును పాతికసార్లు చూస్తే, లోపల లెక్క పాతిక చిరుతలకు చేరుతుంది.

మనసు చేసే ఈ లెక్కకు 1973లో ఆమోస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ ఒక వివరణ ఇచ్చారు. చప్పున గుర్తొచ్చేదే తరచుగా జరుగుతుందని మనిషి అనుకుంటాడు. ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెట్టడు, ఎంత తేలిగ్గా గుర్తొచ్చిందో చూసుకుంటాడు. 1979లో పాల్ స్లోవిక్, బార్బరా కూంబ్స్ రెండు అమెరికన్ పత్రికల్ని తిరగేస్తే, రోగాలు హత్యలకంటే సుమారు వందరెట్లు ఎక్కువమందిని చంపుతున్నా, హత్యల వార్తలే మూడురెట్లున్నాయి. పాఠకుల అంచనాలూ దాదాపు అదే దారిన నడిచాయి.

సరిగ్గా అదే 1979లో మన తెలుగు పల్లెల్లో స్కైలాబ్ అనే అంతరిక్ష కేంద్రం నెత్తిన పడుతుందని గగ్గోలు. జూలై మొదట్లో రేడియోలో, పేపర్లో అదే మాట. చచ్చేలోపు తినేద్దామని మేకల్ని, కోళ్ళని కోసుకున్నారని పెద్దవాళ్ళు ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు. 11న అది ముక్కలై హిందూమహాసముద్రంలో, ఆస్ట్రేలియా పడమటి ఎడారిలో రాలింది. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. నాకు నవ్వుకంటే ఇంకో సంగతి గుర్తొస్తుంది. దానికి ఇరవై నెలల ముందే, 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి పదివేల మందికి పైగా పోయారు. అప్పుడు చాలినంత భయం లేదు. సముద్రాన్ని రోజూ చూసేవాళ్ళకు సముద్రం కొత్త కాదు మరి. ఆకాశం నుంచి ఇనుప ఇల్లు ఊడిపడటం కొత్త.

అందుకని పత్రికల్ని, టీవీల్ని తిట్టి ఊరుకుంటే సరిపోదు. 2021 నవంబరులో తిరుపతి వానల్లో మునిగింది. కొండకు ఇంకో నడకదారైన శ్రీవారి మెట్టు కొట్టుకుపోయింది. ఆ వారమే రామచంద్రాపురం దగ్గర రాయలచెరువు తెగుతుందని కట్ట ముందు మైకులు పెట్టుకుని ఛానళ్ళు ఊదరగొట్టాయి. ఊళ్ళు ఖాళీ చేయించారు. చెరువు తెగలేదు. 'చూశావా, అంతా అనవసరపు హడావుడి' అన్నవాళ్ళున్నారు. కానీ అదే నవంబరు 19న, కొండకు అవతల కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. పదులకొద్దీ ప్రాణాలు పోయాయి. అక్కడ ముందు మైకుల్లేవు. తెగని చెరువు జ్ఞాపకంలో వెటకారంగా మిగిలింది. జరగని ప్రమాదానికి ఫొటో ఉండదు, జాగ్రత్తకు పేరు రాదు.

భయానికి గడువు కూడా తక్కువే. 2003 అక్టోబరు 1న అలిపిరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు కాన్వాయ్ మీద మందుపాతరలు పేలాక, కొన్నాళ్ళపాటు ఆ మలుపు రాగానే బస్సులో మాటలు ఆగిపోయేవి. తర్వాత మళ్ళీ పులిహోర పొట్లాలు విప్పుకున్నాం.

ఇక కొండ చుట్టూ నిజంగా ప్రాణాలు తీసేదేమిటి? ఏడాదికి రెండు కోట్లమందికి పైగా తిరుమల వస్తారు. ఎక్కువమంది వచ్చేది రోడ్డు మీద. 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న బృందం బస్సు లోయలో పడింది. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాట్‌లో బస్సూ లారీ గుద్దుకున్నాయి. రెండూ రెండేసి రోజుల వార్తలు. దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది, అంటే రోజుకు 460 మందికి పైనే. ఏ ఛానలూ వాళ్ళకోసం బోను పెట్టదు.

గుంపు సంగతి ఇంకా చేదు. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల మొదటిరోజు రాజమండ్రిలో 27 మంది తొక్కిసలాటలో పోయారు. దేశమంతా చూసింది. పదేళ్ళు నిండకముందే, 2025 జనవరి 8న, వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో తోసుకున్న జనంలో ఆరుగురు చనిపోయారు. మెట్ల మీద చిరుతకు భయపడి చెయ్యి చెయ్యి పట్టుకుని గుంపుగా నడిచినవాళ్ళమే, క్యూలో అదే గుంపును చూసి ధైర్యం తెచ్చుకుంటాం. ఇంతమంది ఉన్నారు కదా, ఏమవుతుందిలే అని. జనమే ప్రమాదమన్న ఊహ మన బుర్రకు ఎక్కదు. దానికి కోరల్లేవు.

గుండె మాటైతే అసలు వినపడదు. 2024 అక్టోబరులో దేవస్థానం ఒక ప్రకటన ఇచ్చింది: అరవై దాటినవాళ్ళు, బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నవాళ్ళు నడిచి రావద్దు అని. మోకాళ్ళ మిట్ట ఎక్కేటప్పుడు ఎగశ్వాస పట్టిన పెద్దవాళ్ళను చూసినవాడికి ఆ మాట విలువ తెలుస్తుంది. కర్రల మీద నడిచిన జోకుల్లో పదో వంతు చర్చ కూడా దాని మీద నడిచినట్టు నాకు గుర్తులేదు.

కర్ర పట్టుకుని ఎక్కిన ఆ రోజు దర్శనమయ్యాక జీపులో దిగాను. పైన గేటు దగ్గర చీటీ మీద టైము వేస్తారు. కిందికి నలభై నిమిషాలకు తక్కువలో వస్తే జరిమానా. మా డ్రైవరు మలుపుల్లో తోసుకుంటూ వచ్చి, అలిపిరి టోల్‌గేటుకు కాస్త ముందు బండిని చెట్టు కింద ఆపాడు. మా ముందు ఇంకో నాలుగు జీపులు అట్లాగే ఆగున్నాయి.

"ఏమైంది అన్నా?" అన్నాను.

"ఇంకా ఏడు నిమిషాలుండాది సామీ," అని సీటు కిందినుంచి నీళ్ళ బాటిల్ తీశాడు. తర్వాత ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది చూడు సామీ, నిన్న రాత్రిదంట. చిరుత. మీరు నడిచి ఎక్కినారు చూడు, మీ గుండెకాయ గట్టిది!"