గండిని చూసిన కళ్లు: గండికోట, పెన్నా అగాధదరి చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
- ఒక ప్రాంతపు నైసర్గిక స్వరూపం అక్కడి చరిత్రను ఎలా ప్రభావితం చేస్తుందో వివరించగలుగుతారు.
- ఓరుగల్లు కోటను, గండికోటను రక్షణ దృష్టితో పోల్చగలుగుతారు.
- ఒక దర్శనీయ స్థలాన్ని చరిత్ర విద్యార్థిగా పరిశీలించే పద్ధతిని తెలుసుకుంటారు.

1. పరిచయం

చెరువు కట్ట తెగితే 'గండి పడింది' అంటాం. నీరు అడ్డును కోసుకుని దారి చేసుకున్న చోటుకు మన భాషలో ఉన్న పేరు గండి. వైఎస్సార్ కడప జిల్లాలో జమ్మలమడుగుకు పడమరగా పెన్నా నది ఎర్రమల కొండలను ఇలాగే కోసుకుని ప్రవహిస్తుంది. ఇలాంటి లోతైన, నిటారు గోడల లోయను భూగోళ శాస్త్రంలో 'అగాధదరి' అంటారు. ఆ అంచున కట్టిన కోట గండికోట. నది చేసిన పనీ మనిషి చేసిన పనీ రెండూ ఈ ఒక్క పేరులోనే ఉన్నాయి.

నేడు ఈ ప్రదేశాన్ని 'భారతదేశపు గ్రాండ్ కాన్యన్' అని పిలుస్తున్నారు. సూర్యోదయం చూడటానికి, గుడారాల్లో రాత్రి గడపటానికి, చిన్న పడవల్లో తిరగటానికి యువకులు ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. మీలో కొందరు ఇప్పటికే వెళ్లి ఉండవచ్చు. ఈ గండిని ఇప్పుడు మనం చూస్తున్నట్లే పూర్వం కూడా చూశారా? ఒక్కొక్క కాలంలో ఎవరు, ఏ అవసరంతో దీన్ని చూశారు? ఈ పాఠంలో పరిశీలించేది ఈ ప్రశ్నలనే.

2. రాయి, నీరు

గండికోట గోడలుగా నిలిచిన ఎర్రని రాయి క్వార్ట్‌జైట్. వంద కోట్ల సంవత్సరాలకు పూర్వమే నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి ఈ రాయిగా మారింది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ శిలలను కడప శిలా సమూహంలో చేర్చారు. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన పెన్నా, తాను మోసుకొచ్చే ఇసుకతో, గులకరాళ్లతో ఈ గట్టి రాతిని సుదీర్ఘ కాలం కోస్తూ వచ్చింది. గండి లోతు సుమారు 300 అడుగులు ఉంటుందని చెబుతారు.

ఇది ఎడారి కాకపోయినా వానలు తక్కువగా పడే సీమ. పెన్నా ఏడాది పొడవునా నిండుగా పారే నది కాదు. కోట చరిత్రను అర్థం చేసుకోవటానికి ఈ సంగతి అవసరం.

3. పాలకుల చూపు

స్థానిక కైఫీయతు కథనం ప్రకారం 1123లో కాకరాజు అనే సామంతుడు ఇక్కడ మొదట కోట కట్టించాడు. కైఫీయతులు గ్రామాల్లో నిలిచిన జ్ఞాపకాలను, కరణాల లెక్కలను కూర్చి రాసినవి. కల్నల్ కాలిన్ మెకంజీ ఇలాంటి వాటిని పెద్ద సంఖ్యలో సేకరింపజేశాడు. వీటిని విలువైన ఆధారాలుగా స్వీకరిస్తూనే శాసనాలతో సరిచూసుకోవాలి.

గండికోటకు ఓరుగల్లుతో సంబంధం ఉంది. కడప ప్రాంతం నుంచి పాలించిన కాయస్థ అంబదేవుడు రుద్రమదేవిపై తిరుగుబాటు చేశాడు. ప్రతాపరుద్రుడు అతని అధికారాన్ని అణచివేసిన తర్వాత ఈ సీమ తిరిగి కాకతీయుల అధీనంలోకి వచ్చింది. జుట్టయలెంక గొంకయరెడ్డి కాకతీయుల తరఫున గండికోట ప్రాంతాన్ని పాలించాడు. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు ఈ కోటను బలపరిచారు.

ఇప్పుడు మీరు మట్టెవాడలో ఉన్నారనుకోండి. కొద్ది దూరంలోనే ఖిలా వరంగల్ ఉంది. గణపతిదేవుని కాలంలో మొదలై రుద్రమదేవి కాలంలో పూర్తయిన ఆ కోటలో ముందు మట్టి ప్రాకారం, దాని లోపల రాతి ప్రాకారం, వాటి చుట్టూ కందకాలు కనిపిస్తాయి. చదునైన నేలపై రాజధాని కట్టుకున్నవారికి ప్రకృతి ఇవ్వని అడ్డును వేలమంది శ్రమతో తవ్వి, పోసి, పేర్చి నిలపవలసి వచ్చింది. ఆ మట్టికోట గట్టిదనాన్ని అమీర్ ఖుస్రో కూడా వర్ణించాడు.

గండికోటలో ఉత్తరాన కందకం తవ్వే పనే లేదు. పెన్నా ఆ పనిని ఎన్నడో పూర్తి చేసింది. నాయకుల కంటికి ఈ గండి ఖర్చు లేకుండా దొరికిన కందకం. మిగిలిన వైపుల ప్రాకారం, బురుజులు, ద్వారాలు నిర్మిస్తే సరిపోయింది.

అయితే ఈ కందకం ఒక ఇబ్బందినీ తెచ్చింది. నది కళ్లెదుటే ఉన్నా నీరు వందల అడుగుల కింద ఉంది. ముట్టడి సమయంలో ఆ నీటిపై ఆధారపడటం కష్టం. అందువల్లనే కోట లోపల వాన నీటిని నిలిపే చెరువు, కోనేరు, పెద్ద ధాన్యాగారం కనిపిస్తాయి. మాధవరాయస్వామి ఆలయం, రంగనాథస్వామి ఆలయం, జామా మసీదు చూసిన సందర్శకులు చాలామంది ధాన్యాగారం దగ్గర ఎక్కువసేపు ఆగరు. కోట ఎన్ని నెలలు నిలబడగలదో తేల్చేది మాత్రం ఆ ధాన్యాగారమూ, ఆ చెరువూనే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: గండికోటలో నది పక్కనే ఉన్నా చెరువు ఎందుకు అవసరమైంది? మూడు వాక్యాల్లో రాయండి.

4. వర్తకుని చూపు

పదిహేడవ శతాబ్ది మధ్యలో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా సేనాని మీర్ జుమ్లా గండికోటను పెమ్మసాని నాయకుల నుంచి స్వాధీనం చేసుకున్నాడు. 1652లో ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే మీర్ జుమ్లాను కలవటానికి మచిలీపట్నం, మద్రాసుల మీదుగా ఇక్కడికి వచ్చాడు. తన యాత్రా గ్రంథంలో ఈ కోటను వర్ణించాడు.

ఆ వర్ణనలో ఆయన దృష్టి దారి మీద నిలిచింది. కొండను తొలిచి వేసిన బాట కొన్ని చోట్ల చాలా ఇరుకైందని, ఒక పక్క భయంకరమైన లోయ, దాని అడుగున నది ఉన్నాయని రాశాడు. ఫిరంగులను కొండపైకి చేర్చటంలో ఐరోపా ఫిరంగిదళం వారి పాత్రనూ పేర్కొన్నాడు. విలువైన సరుకుతో ప్రయాణించే వర్తకుడు బాట వెడల్పును, బలగాన్ని గమనించటం సహజం. ఫిరంగి కొండెక్కిన తర్వాత గండి ఒక్కటే కోటను కాపాడలేదని కూడా ఈ కథనం వల్ల మనకు అర్థమవుతుంది.

5. విహారయాత్రికుని చూపు

చూడటం కోసమే తిరగటం తెలుగువారికి కొత్త కాదు. 'క్రీడాభిరామం'లో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ నగరాన్ని చూస్తారు. కాని వారి ఆసక్తి మనుషుల మీద, అంగళ్ల మీద, ఆటపాటల మీద ఉంది. మనిషి అలికిడి లేని రాతి లోయను అందం కోసం చూడబోవటం ఆధునిక కాలపు అలవాటు.

అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. 1857-58లో కొలరాడో నదిని పరిశీలించిన సైనికాధికారి జోసెఫ్ ఐవ్స్ ఆ ప్రాంతం ఎందుకూ కొరగాదని భావించాడు. 1869లో జాన్ వెస్లీ పావెల్ బృందం పడవల్లో ఆ లోయ గుండా ప్రయాణించిన తర్వాత దాని కీర్తి పెరిగింది. 1901లో రైలు లోయ అంచుకు చేరింది. 1919లో అది జాతీయ ఉద్యానవనం అయింది. లోయ మారకపోయినా దాన్ని చూసే కళ్లు అరవై ఏళ్లలో మారిపోయాయి.

అక్కడే తరతరాలుగా జీవించిన హవసుపాయి జాతి వారిని 1882లోనే ఒక చిన్న భూభాగానికి పరిమితం చేశారు. పీఠభూమి మీద వారి వేట, మేత భూములు చేజారాయి. సుదీర్ఘ పోరాటం తర్వాత 1975లో సుమారు 1,85,000 ఎకరాలు తిరిగి వారికి దక్కాయి. ఒక చోటు దర్శనీయ స్థలంగా మారినప్పుడు అక్కడ నివసించేవారు చిత్రంలోంచి తప్పుకోవలసి రావటాన్ని మీరు గమనించాలి.

6. నివాసుల చూపు

గండికోట కూడా ఖాళీ శిథిలం కాదు. ప్రాకారం లోపల నేటికీ ఊరు ఉంది. గండికి దిగువన మైలవరం జలాశయం, ఎగువన గండికోట జలాశయం ఉన్నాయి. ఇంజనీరు కంటికి ఈ ఇరుకు లోయ ఆనకట్టకు అనువైన తావు. కరవు సీమకు నీరు కావాలన్నది కాదనలేని అవసరం. అదే సమయంలో గండికోట జలాశయం నిండటంతో తాళ్లప్రొద్దుటూరు వంటి ఊళ్లు ముంపు పాలయ్యాయి. ఇళ్లు, పొలాలు, గుళ్లు వదిలి వెళ్లిన వారికి ఆ నీలి నీటి అడుగున తమ ఊరు ఉంది. అంచున నిలబడి ఫొటో తీసుకునేవారికి నీరు మాత్రమే కనిపిస్తుంది.

చరిత్ర విద్యార్థికి ఈ రెండూ కనిపించాలి. కోట పాలకుల గురించి శాసనాలు, కైఫీయతులు, యాత్రా గ్రంథాలు మాట్లాడతాయి. మునిగిన ఊళ్ల గురించి ఆ ఊళ్ల మనుషులే చెప్పాలి. పెద్దవారి జ్ఞాపకాలు నమోదు కాకపోతే ఈ చరిత్రకు ఆధారాలు మిగలవు.

7. క్షేత్ర పర్యటనకు సూచనలు

మీరు గండికోటకు వెళ్తే ఈ క్రింది విషయాలు గుర్తుంచుకోండి.

- ఎండాకాలంలో రాయి తీవ్రంగా వేడెక్కుతుంది. ఉదయమే బయలుదేరండి, తాగునీరు వెంట ఉంచుకోండి.
- లోయ అంచున చాలా చోట్ల కంచె లేదు. తడి రాయి జారుతుంది. ఫొటో కోసం అంచు మీదికి వెళ్లకండి.
- ముందు ద్వారం, తర్వాత చెరువు, ధాన్యాగారం, చివర లోయ చూడండి. ఆ క్రమంలో చూస్తే కోట పనిచేసిన తీరు తెలుస్తుంది.
- గోడల మీద పేర్లు చెక్కవద్దు. శాసనాన్ని ఫొటో తీసుకోండి, దానిపై పొడి, రంగు పూయకండి.
- ఊరివారితో మాట్లాడండి. వారు చెప్పినదాన్ని తేదీతో, వారి అనుమతితో రాసుకోండి.

అంత దూరం వెళ్లలేనివారు ఇదే పద్ధతిని ఖిలా వరంగల్‌లో పాటించవచ్చు. తోరణాల దగ్గర ఆగిపోకుండా మట్టి ప్రాకారం వెంట నడవండి. కందకంలో నీరు ఎక్కడ నిలుస్తుందో, ప్రాకారం పక్కన నేడు ఎవరు నివసిస్తున్నారో గమనించండి.

8. సారాంశం

పెన్నా గండి నాయకులకు కందకం, వర్తకునికి ప్రమాదకరమైన దారి, ఇంజనీరుకు ఆనకట్ట తావు, విహారయాత్రికునికి దృశ్యం, నిర్వాసితునికి పోగొట్టుకున్న ఊరు. ప్రతి చూపు వెనుకా ఒక అవసరం, ఒక కాలం ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కదాన్ని వదిలినా గండికోట చరిత్ర అసంపూర్ణమే.

9. మాదిరి పరీక్షా ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఓరుగల్లు కోట, గండికోటల రక్షణ ఏర్పాట్లను పోల్చండి.
2. గండికోటను వివిధ కాలాల్లో ఎవరు ఏ దృష్టితో చూశారో వివరించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కైఫీయతులను చరిత్ర ఆధారాలుగా ఎలా ఉపయోగించాలి?
2. మీ ప్రాంతంలో జలాశయం వల్లనో, రోడ్డు వల్లనో కనుమరుగైన ఒక ఊరు లేదా వాడ గురించి పెద్దలను అడిగి రాయండి.