ఎనా ఇల్లు: నక్షాలు నిలబెట్టిన మండువా

శ్రీలంక వాస్తుశిల్పి జెఫ్రీ బావా 1960–62 మధ్య కొలంబోలో ఎనా డి సిల్వా కుటుంబానికి ఓ ఇల్లు కట్టారు. ఎనా బాతిక్ కళాకారిణి. ఆమె భర్త ఓస్మండ్ పోలీసు శాఖకు అధిపతిగా చేసినవారు. కొత్త కాలపు ఇల్లే కావాలి, కానీ సింహళ పెద్దిళ్లలో ఉండే నడి వాకిలి మాత్రం ఉండి తీరాలన్నది ఆమె కోరిక. అక్కడ దాన్ని ‘మెద మిదుల’ అంటారు. మన మండువాకు అది అక్కాచెల్లెలి వరస.

అప్పట్లో కొలంబోలో కలిగినవాళ్లవి బంగళాలు. స్థలం నడుమ ఇల్లు, చుట్టూ తోట. నగరం పెరిగి స్థలాలు ముక్కలయ్యేసరికి ఆ తోట ఇంటిచుట్టూ సన్నని సందుగా మిగిలింది. బావా ఈ పద్ధతిని తిరగేశారు. హద్దు మీదే ఎత్తయిన ప్రహరీ లేపి, గదులనూ వసారాలనూ దానికి ఆనించి, తోటను ఇంటి కడుపులోకి తెచ్చారు.

ఈ సంగతి ఫొటోల్లో అంతగా తెలియదు, ప్లాన్‌లో తెలుస్తుంది. కప్పున్న చోటల్లా పెన్సిలుతో నల్లగా రుద్దితే నడుమ ఒక పెద్ద తెల్లటి గడి, చుట్టూ చిన్నచిన్న గడులు మిగులుతాయి. వాటిని చూస్తుంటే బావా గదులకన్నా ముందు ఆకాశాన్నే గీశారని నాకనిపిస్తుంది. గాలి ఒక వాకిట్లోంచి ఇంకో వాకిట్లోకి ఎలా పోతుందో కూడా ఆ కాగితం మీదే వేలితో గీసి చూడొచ్చు.

ఇక సెక్షన్, అంటే ఇంటిని నిలువునా కోసినట్టు చూపే నక్షా. కొలంబో దాదాపు 7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్, సెప్టెంబరు మొదట్లో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రెంటి నడుమ నెలల్లో ఉత్తరానికి, మిగతా కాలమంతా దక్షిణానికి వాలతాడు. అందుకే ఒక్క వైపే చూరు దించితే చాలదు, అన్ని వైపులా దించాలి. వానకు గోడ తడవకపోవడం, ఎండకు వసారా కాలకపోవడం ఆ చూరు పుణ్యమే. అట్టతో మోడల్ చేసి, కప్పు విడిగా ఊడి వచ్చేలా పెట్టి, పైనుంచి టార్చిని సూర్యుడిలా తూర్పు నుంచి పడమరకు జరుపుతూ వేస్తే ఏ గంటకు నీడ ఎక్కడిదాకా వస్తుందో పిల్లలకైనా అర్థమవుతుంది.

ఈ చూపు ఊరికే రాలేదు. బావాతో పనిచేసిన డేనిష్ వాస్తుశిల్పి ఉల్రిక్ ప్లెస్నర్, చిత్రకారిణి బార్బరా సన్సోని, లకీ సేనానాయక, ఇస్మెత్ రహీమ్ వంటివాళ్లు పాత ఇళ్లనూ గుళ్లనూ టేపుతో కొలిచి కాగితానికెక్కించారు. బావా ఆఫీసు నక్షాల్లో గోడకు ఎంత శ్రద్ధో చెట్టుకూ అంతే శ్రద్ధ కనిపిస్తుంది.

2009లో ఆ స్థలం చేతులు మారింది, ఇల్లు కూల్చేసే పరిస్థితి వచ్చింది. వాస్తుశిల్పి అమిల ద మెల్, పురావస్తు నిపుణుడు నిలన్ కురే పూనుకొని, తవ్వకాల్లో చేసినట్టే భాగాలను కొలిచి, నంబర్లు వేసి విప్పించారు. బెంతోట దగ్గర బావా సొంత తోట లునుగంగలో మళ్లీ నిలబెట్టారు. 2016 నుంచి జనం చూడగలుగుతున్నారు.

ఇల్లు దక్కింది. అయితే ఇరుకు నగరానికి జవాబుగా పుట్టిన ఆ ప్రహరీకి విశాలమైన తోటలో మునుపటి అవసరం లేదు. దాని బిగువు తెలియాలంటే కొలంబో నాటి నక్షానే చూడాలి.

మన కోనసీమలో, పశ్చిమ గోదావరిలో మండువా లోగిళ్లు ఏటా నేలమట్టమవుతున్నాయి. వాటన్నిటినీ విప్పి మోసుకెళ్లడం ఎవరి తరమూ కాదు. మీ ఊళ్లో ఒకటి మిగిలి ఉంటే, దూలాలు అమ్ముడుపోకముందే టేపు పట్టుకెళ్లండి. ప్లానూ సెక్షనూ గీయించండి, చూరు ఎత్తు రాయడం మాత్రం మరవకండి.