సైనస్ చికిత్స చరిత్ర: నేతి నుంచి షెడ్యూల్ హెచ్1 వరకు

ముక్కు దిబ్బడేసి, నుదురు బరువెక్కితే మీరేం చేస్తారు? చాలామందిలాగే మందుల షాపులో యాంటీబయాటిక్ అడిగి తెచ్చుకుని, రెండు మాత్రలకే తగ్గిందని ఆపేస్తారు. పరీక్ష దగ్గరపడితే ఇది మరీ మామూలు. జీఎస్-3లోని యాంటీమైక్రోబియల్ రెసిస్టెన్స్ అంశం మీ గదిలోనే మొదలవుతుందని గమనించండి.

యాంటీబయాటిక్‌కు ముందు

ఆయుర్వేదంలో ముక్కు ద్వారా మందు వేసే నస్యం పంచకర్మల్లో ఒకటి. 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపిక చెప్పిన షట్కర్మల్లో నేతి ఉంది. అయితే అందులోది దారంతో చేసే నేతి. నేటి వైద్యులు సూచించే ఉప్పునీటి కడుగుడు జలనేతికి దగ్గర. 1890లలో అమెరికాలో కాల్డ్‌వెల్, ఫ్రాన్స్‌లో లూక్ దవడ ఎముక గుండా సైనస్‌ను తెరిచే ఆపరేషన్‌ను రూపొందించారు. 1980లలో ఎండోస్కోప్ దాని స్థానాన్ని చాలావరకు ఆక్రమించింది.

అద్భుత ఔషధాల కాలం

1928లో ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను కనుగొన్నారు. తక్కువ మోతాదులో వాడితే సూక్ష్మజీవులు మొండికేస్తాయని 1945 నోబెల్ ప్రసంగంలోనే హెచ్చరించారు. 1948లో ఆరియోమైసిన్ వెలువడినప్పుడు లెడర్లీ పరిశోధనా విభాగానికి సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్వతంత్ర భారతం 1954లో పింప్రిలో హిందుస్తాన్ యాంటీబయాటిక్స్‌ను స్థాపించింది. మందు అందరికీ చేరాలన్నది నాటి లక్ష్యం. చేరింది. కానీ మందుతోపాటు చేరాల్సిన నియంత్రణ వెనుకబడింది.

నేటి వైద్యం ఏమంటోంది?

అక్యూట్ సైనసైటిస్‌లో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేదే. వైరస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదు. పది రోజులైనా తగ్గకపోతే, తగ్గి మళ్లీ ముదిరితే, లేదా మొదటి నుంచే తీవ్ర జ్వరంతో చీము కారితే బ్యాక్టీరియాను అనుమానిస్తారు. 12 వారాలు దాటితే అది క్రానిక్. దానికి ఉప్పునీటి కడుగుడు, స్టెరాయిడ్ స్ప్రే, అవసరమైతే ఎండోస్కోపిక్ సర్జరీ. కడగడానికి కుళాయి నీరు నేరుగా వాడకండి, కాచి చల్లార్చాలి.

అన్ని సైనస్ వ్యాధులూ తేలికైనవి కావు. 2021లో మధుమేహం, మితిమీరిన స్టెరాయిడ్ల వాడకం తోడై బ్లాక్ ఫంగస్ విజృంభించింది. జూన్ చివరికి 40 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి, ఆంఫోటెరిసిన్-బి కొరత ఏర్పడింది. కాబట్టి కంటి వాపు, చూపు మందగించడం, ముఖంపై నలుపు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

విధాన కోణం

2014 మార్చి 1 నుంచి అమలైన షెడ్యూల్ హెచ్1 కింద 46 మందుల అమ్మకాన్ని ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. 2017లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. చీటీ లేని అమ్మకాలపై 2024లో కేరళ ఆపరేషన్ అమృత్ చేపట్టింది. లోపమెక్కడ? డాక్టరు దూరం, షాపు దగ్గర. ప్రాథమిక వైద్యం బలపడకుండా అమ్మకాన్ని మాత్రమే అడ్డుకుంటే పేదవాడికి అవసరమైన మందూ అందదు. మీ జవాబులో ఈ రెండు వైపులూ ఉండాలి.

సాధన ప్రశ్న: "యాంటీబయాటిక్ అందుబాటు, నియంత్రణ పరస్పర విరుద్ధాలా?" 250 పదాల్లో చర్చించండి.