ఇచ్చోడ రిజిస్టరులో ఒక ఇంటిపేరు

మన ఆడవాళ్ళకు ఇంటిపేర్లు రెండు. పుట్టింటిది ఒకటి, మెట్టినింటిది ఒకటి. పేరంటానికి వెళ్ళినా, రైల్లో ఎవరి పక్కన కూర్చున్నా, అయిదు నిమిషాలు తిరక్కుండానే ‘మీ ఇంటిపేరేమిటండీ?’ అన్న ప్రశ్న వచ్చేస్తుంది. చెప్పామో లేదో, ‘అయ్యో, మా చిన్నత్తగారి తోడికోడలు పుట్టింటివారూ వాళ్ళేనండీ!’ అని చుట్టరికం కలిపేసుకుంటాం. ఇంటిపేరంటే మనకు తెలిసింది అంతే. నాకూ అంతే తెలుసు, ఇచ్చోడ వెళ్ళేదాకా.

ఇచ్చోడ ఆదిలాబాద్ నుంచి నిర్మల్ వచ్చే పెద్దరోడ్డు మీది ఊరు. మావారి ఉద్యోగం మూలాన అక్కడికి చేరాం. నేను బళ్ళో పంతులమ్మగా కుదిరాను. మొదటి రోజు హాజరు పట్టీ తీస్తే, సగం పేర్లు నాకు నోరు తిరగలేదు. మెస్రం, ఆత్రం, పెందూర్, సిడాం, మడావి, తొడసం, కుమ్ర, కనక... ఇవన్నీ గోండు పిల్లల ఇంటిపేర్లు. ‘కనక’ అన్నది ఆడపిల్ల పేరనుకుని ఒక మగపిల్లవాడిని పట్టుకుని ‘ఏరా, నీకు కనకమ్మ అని పెట్టారా?’ అన్నాను. క్లాసంతా నవ్వింది. 2021లో మార్లవాయికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనక రాజుగారికి పద్మశ్రీ వచ్చినప్పుడు, పట్నంలో మావాళ్ళు కూడా ‘కనకరాజు’ అని కలిపి చదువుకున్నారు. కనక ఆయన ఇంటిపేరని చెబితే ఆశ్చర్యపోయారు. నా పొరపాటు నా ఒక్కదానిదే కాదని కొంచెం ఊరట కలిగింది.

ఇంటిపేర్ల సంగతి నాకు సరిగ్గా నేర్పింది పుస్తకం కాదు, అంగడిలో చిక్కుడుకాయలు అమ్మే ఒక అవ్వ. ‘మీ ఇంటిపేరేంది అవ్వా?’ అని అడిగితే, ‘మేం ఏడు దేవతలోళ్ళం బిడ్డా’ అంది. నేను పేరడిగితే ఆవిడ అంకె చెప్పింది! మళ్ళీ అడిగాను. అప్పుడు, ఇది కూడా తెలియదా అన్నట్టు చూసి, ‘మెస్రమోళ్ళం’ అంది.

తరవాత తెలుసుకుంటే ఆవిడ చెప్పిందే సరైన వరస. ఆదిలాబాద్ గోండులందరూ నాలుగు పెద్ద కూటములు. నాలుగు దేవతలవారు, అయిదు దేవతలవారు, ఆరు దేవతలవారు, ఏడు దేవతలవారు. కూటమిని వాళ్ళు ‘సగా’ అంటారు. ఒక్కొక్క సగాలో ఎన్నో ఇంటిపేర్లు. ఇంటిపేర్లు వేరైనా ఒకే సగావాళ్ళు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ కిందే లెక్క, పెళ్ళి మాట ఎత్తకూడదు. మనం సంబంధం చూసేటప్పుడు గోత్రం అడిగినట్టు వాళ్ళు ముందు అంకె అడుగుతారు. అంకె కలిస్తే పెళ్ళి లేదు, వేరైతేనే మిగతా మాటలు.

ఈ విభజన ఎవరు చేశారంటే పహాండి కుపార్ లింగాల్ అని చెబుతారు. గుహలో బందీలుగా ఉన్న గోండు దేవతలను విడిపించి, వాళ్ళను నాలుగు సగాలుగా పంచింది ఆయనేనట. ఆ కథలో జంగుబాయి అనే తల్లి కూడా ఉంది. ఈ కథంతా ఎక్కడా తాళపత్రాల్లో లేదు. పర్ధాన్‌లనే గాయకులు ‘కిక్రి’ అనే తీగవాయిద్యం పట్టుకుని పాడితే తరతరాలుగా వచ్చింది. ఒక్కో పర్ధాన్ కుటుంబానికి ఒక్కో గోండు వంశం దాత. ఆ వంశం ఎక్కడ పుట్టింది, ఏ దేవతను ఎక్కడ నిలుపుకుంది, ఎవరితో వియ్యమందవచ్చు అన్నదంతా పర్ధాన్ నోట్లో ఉంటుంది.

దీన్ని ఇంగ్లీషువాళ్ళ పద్ధతితో పోల్చి చూడండి, తేడా తెలుస్తుంది. ఇంగ్లండులో 1538లో రాజుగారి ఆజ్ఞ మీద ప్రతి చర్చిలోనూ పెళ్ళిళ్ళకూ, జ్ఞానస్నానాలకూ, ఖననాలకూ పుస్తకం పెట్టారు. అందువల్ల, అరుదైన ఇంటిపేరున్న మనిషి ఆ పుస్తకాలు తిరగేసుకుంటూ పోతే, తమ పేరు ఏ జిల్లాలో పుట్టి ఎటు పాకిందో పటం గీసుకోవచ్చు. ఒకే ఇంటిపేరు చరిత్ర వెదికేవాళ్ళు 1979లో ఏకంగా ఒక సంఘమే పెట్టుకున్నారు. అక్కడ ఇంటిపేరు కాగితం మీద బతికింది. ఇక్కడ పాట మీద బతికింది.

మరి మెస్రం వారి పటం గీస్తే ఎలా ఉంటుంది? నడిబొడ్డు కేస్లాపూర్. ఇచ్చోడకు దగ్గరి ఇంద్రవెల్లి మండలంలో ఉంది. అక్కడి నాగోబా వాళ్ళ ఇలవేలుపు. అక్కడి నుంచి ఉత్తరంగా పెన్‌గంగ దాటితే మహారాష్ట్రలో యవత్మాల్, చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాలు. ఇంకా పైకి మధ్యప్రదేశ్. ఆ దారంతా ఈ పేరు వినిపిస్తుంది. గోండు రాజులు చందాను, అంటే ఇప్పటి చంద్రపూర్‌ను రాజధానిగా చేసుకుని ఏలిన రోజుల్లో ఈ నేల మధ్యలో సరిహద్దు లేదు. తరవాతి కాలంలో గీతలు పడ్డాయి. 1956లో రాష్ట్రాలను భాషల వారీగా మార్చినప్పుడు, ఆదిలాబాద్ జిల్లాలోని కిన్వట్, రాజురా తాలూకాలు బొంబాయి రాష్ట్రంలోకి పోయాయి. అన్న ఆంధ్రప్రదేశ్‌లో, తమ్ముడు ఆవతల. వింతేమిటంటే, ఏరు దాటగానే ఇంటిపేరు ముందు నుంచి వెనక్కి పోతుంది! మన వైపు కుమ్రం భీం, కనక రాజు అని ఇంటిపేరు ముందుంటే, ఆ వైపు మరాఠీ పద్ధతిలో చివర చేరుతుంది. 1858లో చంద్రపూర్‌లో ఇంగ్లీషువాళ్ళు ఉరితీసిన గోండు వీరుణ్ణి వాళ్ళు బాబూరావ్ శెడ్మాకే అంటారు. శెడ్మాకే ఆయన ఇంటిపేరు.

అక్షరం కూడా మారుతుంది. మన వైపు మెస్రం, ఆ వైపు మేశ్రాం. ఇక్కడ మరో చిక్కు ఉంది. నాగపూర్ వైపు మేశ్రాం అన్న ఇంటిపేరు గోండులు కానివారిలోనూ బాగా ఉంది. మరాఠీ రచయిత కేశవ్ మేశ్రాం దళిత కుటుంబంలో పుట్టినవారు. కనుక పేరు ఒక్కటే చూసి మనిషి ఫలానా అని చెప్పడానికి లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఒక ఏడు పుష్యమాసంలో మా బడి ఆయమ్మ నన్ను నాగోబా జాతరకు తీసుకుపోయింది. జాతరంటే నేను రంగులరాట్నాలూ గాజుల దుకాణాలూ అనుకున్నాను. అవీ ఉన్నాయి. కానీ అసలు సంగతి వేరు. అక్కడ ఒక ఇంటిపేరు మొత్తం ఏడాదికొకసారి తనను తాను లెక్కపెట్టుకుంటుంది.

జాతరకు చాలా ముందే మెస్రం పెద్దలు ఎడ్లబండి కట్టుకుని సిరికొండ వెళ్ళి, అక్కడి కుమ్మరులకు కుండలు చెబుతారు. సిరికొండ 2016లో వేరే మండలమైంది కానీ, అంతకుముందు ఇచ్చోడ మండలంలోదే. బానలు, మూతలు, దీపాల ప్రమిదలు అన్నీ ఆ ఊళ్ళోనే చేయించాలి, మరోచోట కొన్నవి పనికిరావు. ఆ తరవాత ఇత్తడి ఝారీ పట్టుకుని, కాళ్ళకు చెప్పులు లేకుండా, జన్నారం దగ్గర కలమడుగు ఊరి హస్తినమడుగుకు నడిచి వెళ్ళి గోదావరి నీళ్ళు తెస్తారు. రానూ పోనూ నడకే. ఆ ఝారీ నేల మీద పెట్టకూడదు. తిరిగివచ్చాక గుడి దగ్గరి మర్రిచెట్ల కింద విడిది. ఆ ఏడు వంశంలో పోయినవారి కోసం అక్కడే ‘తూం’ అనే కర్మ చేస్తారు. పుష్య అమావాస్య రాత్రి ఆ గోదావరి నీళ్ళతోనే నాగోబాకు అభిషేకం.

ఇక వంటల సంగతి వినండి. ఇది విని నేను నోరు తెరిచాను. మెస్రం వారిలో 22 శాఖలు. గోవాడ్ అనే గోడకట్టిన ఆవరణలో శాఖకొకటి చొప్పున 22 పొయ్యిలే ఉంటాయి. ఎన్ని వందల కుటుంబాలు వచ్చినా ఆ 22 పొయ్యిల మీదే, వంతులవారీగా వండుకోవాలి. మన ఇళ్ళల్లో ఒక పెళ్ళికి నలుగురు తోడికోడళ్ళు ఒక గ్యాసు పొయ్యి దగ్గర చేరితేనే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడ ఒకావిడ దించగానే ఇంకొకావిడ ఎక్కిస్తోంది. ఏ శాఖవారిది ఏ పొయ్యో అందరికీ తెలుసు. బోర్డు లేదు, నంబరు లేదు. ఎవరు ఏ శాఖో తెలుసుకోవడానికి ఆ పొయ్యికి మించిన రిజిస్టరు ఇంకేం కావాలి?

నన్ను అన్నిటికంటే కదిలించింది కొత్త కోడళ్ళు. ఆ ఏడు మెస్రం ఇళ్ళకు వచ్చిన కోడళ్ళంతా తెల్లచీరలు కట్టి, ముసుగులు వేసుకుని, వరసగా కూర్చున్నారు. మహాపూజ అయ్యాక పెద్దవాళ్ళు వాళ్ళను నాగోబా ముందుకు తీసుకుపోయి పరిచయం చేస్తారు. దీన్ని ‘భేటింగ్’ అంటారు. పెళ్ళి ఎప్పుడో అయినా సరే, ఈ భేటింగ్ అయితేనే ఆ పిల్ల మెస్రం కోడలు. అంతవరకూ నాగోబా పూజకు అర్హత లేదు. నాగోబా పుట్టుక గురించి చెప్పుకునే కథలోనూ ఒక కోడలుంది. మెస్రం ఇంట పాముగా పుట్టిన కొడుక్కి తల్లి తన అన్న కూతురిని మేనరికం చేసుకుంటే, ఆ పిల్ల భర్తను బుట్టలో పెట్టుకుని గోదావరికి మోసుకుపోయిందట. కథను ఊరికో రకంగా చెబుతారు కానీ, బుట్ట మోసిన కోడలు మాత్రం అన్నిటిలోనూ ఉంటుంది.

నా పెళ్ళిలో నా ఇంటిపేరు ఎప్పుడు మారిందో నాకు గుర్తులేదు. రేషను కార్డు రాసేటప్పుడు కాబోలు.

ఇక నా తప్పు సంగతి. ఒక తండ్రి కూతుర్ని బళ్ళో చేర్చడానికి వచ్చి ‘మెస్రం’ అన్నాడు. అప్పటికి నాకు కాస్త తెలివి వచ్చింది కదా! పల్లెటూరాయన సరిగా పలకడంలేదు, ‘మేశ్రాం’ అయి ఉంటుందని, చక్కని దస్తూరీతో అలాగే రాశాను. పదో తరగతి అయిపోయింది. పిల్ల పై చదువుకు కులధ్రువీకరణ పత్రం కోసం ఒక ఆఫీసుకు వెళితే, తండ్రి భూమి పట్టాలో ఒక పేరు, బడి సర్టిఫికెట్లో ఇంకో పేరు. ‘మేశ్రాం అంటే మహారాష్ట్రలో వేరేవాళ్ళు కూడా ఉన్నారు, మీరు గోండులని ఏమిటి రుజువు?’ అన్నారట. చిక్కు అన్నానే, అదే ఇది. ఆ తండ్రి కూలి పోగొట్టుకుని ఎన్నిసార్లు తిరిగాడో నాకు తెలుసు. నన్ను ఒక్క మాట అనలేదు. నేనే తోడు వెళ్ళి, తప్పు నాదని రాసి ఇచ్చాక గానీ పని కాలేదు.

తరవాత ఆలోచిస్తే, ఇలాంటి తప్పులు నాకంటే ముందే చాలామంది చేసి ఉంటారనిపించింది. నిజాం కాలంలో కాగితాలు ఉర్దూలో ఉండేవి. ఉర్దూలో హ్రస్వాలు మామూలుగా రాయరు. క, మ, ర, మ అని రాస్తే కుమ్రం అనీ చదవవచ్చు, కొమరం అనీ చదవవచ్చు. స అక్షరానికీ శ అక్షరానికీ పైన మూడు చుక్కలే తేడా. ఆపైన మరాఠీ, ఆపైన తెలుగు, ఆపైన ఇంగ్లీషు. 1940 అక్టోబరులో జోడేఘాట్ దగ్గర ప్రాణాలిచ్చిన కుమ్రం భీం పేరే కొమరం, కొమురం, కుమురం అని ఇన్ని రకాలుగా రాస్తున్నాం. జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం కానీ, ఒక్క తీరుగా రాయలేకపోతున్నాం.

భీం చనిపోయాక గోండుల కష్టాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే పండితుణ్ణి ఈ ప్రాంతానికి పంపింది. ఆయనా, భార్య ఎలిజబెత్తూ మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. ఈ సగాలనూ వంశాలనూ ఇళ్ళకు వెళ్ళి అడిగి, 1948లో అచ్చువేసిన పుస్తకంలో పెట్టారాయన. గోండీ వాచకాలు తయారుచేయించారు, నాగరి లిపిలో. ఎలిజబెత్ 1987లో పోతే ఆమె సమాధి మార్లవాయిలోనే కట్టారు. అడిగి, విని, విన్నదే రాసినవాళ్ళు వాళ్ళు. నేను విన్నది దిద్ది రాశాను.

కేస్లాపూర్‌లో ఇప్పుడు కొత్త రాతి గుడి ఉంది. మెస్రం ఇళ్ళవాళ్ళు తలా ఇంత వేసుకుని కట్టుకున్నారు, 2022లో పూర్తయింది. కిందటిసారి వెళ్ళినప్పుడు కోనేటి దగ్గర ఆ పిల్లే కనబడింది. పెళ్ళయి పెందూర్ వారింటికి పోయింది. ఆడబిడ్డలూ అల్లుళ్ళూ కలిసి కోనేటి నీళ్ళు తెచ్చి, మన్ను కలిపి పుట్ట కట్టడం అక్కడి ఆనవాయితీ. కోడళ్ళది భేటింగ్ అయితే, ఆడబిడ్డలది ఆ మట్టిపని. చేతులు మోచేతుల దాకా బురద. నన్ను చూసి ‘టీచరమ్మా, మా పాపను బడిలో వేస్తున్న’ అంది. ‘ఇంటిపేరు ఎట్ల రాయిస్తవ్?’ అన్నాను. కొంగుతో చెయ్యి తుడుచుకుని, నా సంచిలోంచి పెన్ను తీసుకుని, నా అరచేతిలో తనే రాసి చూపించింది.