డయల్‌కు తాళం వేసిన రోజులు

వరంగల్ చరిత్ర అనగానే మనకు కోట, వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు గుర్తొస్తాయి. వాటి గురించి రాయగల గురువులు మనకు ఉన్నారు. ఈ స్వర్ణోత్సవ సంచికలో నేను రాయదలచుకున్నది అంత పాత సంగతి కాదు. మనలో చాలామంది ఉద్యోగాల్లో చేరిన కాలంలో, అంటే 1990ల్లో, హనుమకొండ, వరంగల్, కాజీపేట ఆఫీసుల్లో ఒకే ఒక్క ఫోను లైనును ఎన్నో కంప్యూటర్లు పంచుకున్న కథ ఇది. ఆ పని చేసినవాళ్ళలో మన పూర్వ విద్యార్థులూ ఉన్నారు. వాళ్ళు ఒక్కొక్కరే పదవీ విరమణ చేస్తున్నారు. ఇప్పుడు రాయకపోతే ఈ కథ చెప్పేవాళ్ళు మిగలరు.

తీగ వచ్చిన దారి

సికింద్రాబాద్ నుంచి రైలు మార్గం 1886లో వరంగల్ చేరింది. మూడేళ్ళకు బెజవాడ దాకా పోయింది. పట్టాల వెంట టెలిగ్రాఫ్ తీగ నడిచింది. బయటి ఊళ్ళతో క్షణాల్లో మాట్లాడే మొదటి సాధనం మన ప్రాంతానికి అలా వచ్చింది. 2013 జూలైలో టెలిగ్రాం సేవ ఆగిపోయింది.

టెలిఫోను ఉన్నా, చాలాకాలం దూరపు కాల్ అంటే ట్రంక్ కాలే. నంబరు బుక్ చేసి గంటలకొద్దీ ఎదురుచూడాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు రకాలు ఉండేవి. తొందర ఎంత ఎక్కువైతే రేటు అంత ఎక్కువ. 1984 ఆగస్టులో సీ-డాట్ సంస్థ ఏర్పడింది. అది రూపొందించిన గ్రామీణ ఎక్స్ఛేంజీ మొదటిసారి 1986లో కర్ణాటకలోని కిట్టూరులో పనిచేయడం మొదలుపెట్టింది. ఆ తర్వాతి పదేళ్ళలో ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు, ఎస్‌టీడీ బూత్‌లు ఊరూరా వచ్చాయి. వరంగల్‌కు 08712, హైదరాబాద్‌కు 0842 అని మనం కంఠస్థం చేసిన కోడ్‌లు అప్పటివే. తర్వాత అవి 0870, 040 అయ్యాయి. రాత్రి పొద్దుపోయాక పావు రేటు మొదలవుతుందని బూత్‌ల ముందు క్యూలో నిలబడ్డ సంగతి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఆఫీసుల్లోకి కంప్యూటర్

అదే కాలంలో ఆఫీసుల్లోకి కంప్యూటర్లు ఒక్కటొక్కటిగా అడుగుపెట్టాయి. బ్యాంకుల యాంత్రీకరణపై సి.రంగరాజన్ కమిటీ 1984లో నివేదిక ఇచ్చాక, లెడ్జర్లు రాసే యంత్రాలు శాఖల్లోకి వచ్చాయి. 1976లో మొదలైన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్, 1980ల చివరికి నిక్‌నెట్ పేరుతో జిల్లా కేంద్రాలను ఉపగ్రహం ద్వారా ఢిల్లీతో కలిపింది. 1998 నవంబరులో 'కార్డ్' పథకంతో మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆఫీసుల కంప్యూటరీకరణ మొదలైంది.

గదిలో ఉన్న కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడం పెద్ద కష్టం కాలేదు. కేబుల్ లాగి, ఒక సర్వర్ పెడితే సరిపోయేది. కష్టమంతా గడప దాటడంలోనే ఉండేది. ఉపగ్రహ కేంద్రం కలెక్టరేటుకు ఉంటుంది గానీ ప్రతి ఆఫీసుకూ ఉండదు. లీజు లైను ఖర్చు చిన్న ఆఫీసు తట్టుకోలేదు. కాబట్టి హైదరాబాద్ హెడ్డాఫీసుకు రిపోర్టు పంపాలంటే రెండే దారులు. ఫ్లాపీ జేబులో పెట్టుకొని కాజీపేటలో రైలెక్కడం ఒకటి. మోడెంతో ఫోను కలపడం రెండోది.

మోడెం చేసే పని

టెలిఫోను లైను మనిషి గొంతు కోసం పుట్టింది. సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకు ఉన్న ధ్వనినే అది మోస్తుంది. కంప్యూటర్ అంకెలను ఆ హద్దుల్లో ఇమిడే ధ్వనిగా మార్చడం, అవతలి చివర ఆ ధ్వనిని మళ్ళీ అంకెలుగా విప్పడం మోడెం పని. కలిసేటప్పుడు వినిపించే ఆ కీచు కూత, రెండు మోడెంలు ఏ వేగంతో మాట్లాడుకోవాలో బేరమాడుకునే చప్పుడు.

అమెరికాలో హేస్ కంపెనీ 1981లో తెచ్చిన స్మార్ట్‌మోడెం నుంచి ఒక ఆదేశాల భాష ప్రపంచమంతా పాకింది. ప్రతి ఆదేశం 'ఏటీ' అక్షరాలతో మొదలవుతుంది. 'ఏటీడీటీ' అంటే టోన్‌తో డయల్ చేయమని, 'ఏటీడీపీ' అంటే పల్స్‌తో డయల్ చేయమని అర్థం. పాత ఎక్స్ఛేంజీలకు పల్స్ మాత్రమే తెలుసు. ఆఫీసు ఇంటర్‌కాం నుంచి బయటి లైను కావాలంటే ముందు సున్నా, తర్వాత ఒక కామా పెట్టాలి. కామా అంటే రెండు సెకన్లు ఆగమని. కొన్నిచోట్ల డయల్ టోన్‌ను మోడెం గుర్తించక, లైనే లేదని మొరాయించేది. అప్పుడు 'ఎక్స్3' అని చేర్చి, టోన్ కోసం చూడకుండా డయల్ చేయమని చెప్పాల్సి వచ్చేది. ఇవన్నీ సర్వర్ పక్కన గోడకు అంటించిన కాగితం మీద ఉండేవి. ఆ ఆఫీసులో ఆ కాగితమే పంచాంగం.

ఒక్క లైను, పది కంప్యూటర్లు

పది కంప్యూటర్లున్న ఆఫీసులో పది మోడెంలు, పది లైన్లు పెట్టించే స్తోమత ఎవరికీ లేదు. అందుకే మోడెం పంపకం సాఫ్ట్‌వేర్ వచ్చింది. దాని ఆలోచన చాలా సులువు. మోడెం సర్వర్‌కు తగిలించి ఉంటుంది. మిగతా ప్రతి కంప్యూటర్‌లో ఒక చిన్న ప్రోగ్రాం, లేని పోర్టును ఉన్నట్టు చూపిస్తుంది. గుమాస్తా వాడే కమ్యూనికేషన్ ప్రోగ్రాం 'కామ్3'కి ఆదేశం ఇస్తే, అది కేబుల్ మీదుగా సర్వర్‌కు చేరి అక్కడి మోడెంతో డయల్ చేయిస్తుంది. నొవెల్ నెట్‌వేర్ వాడినచోట ఇందుకు 'నాసి' అనే పద్ధతి ఉండేది. 1997లో వచ్చిన మైక్రోసాఫ్ట్ స్మాల్ బిజినెస్ సర్వర్‌లో మోడెం పంపకం దానితోపాటే వచ్చింది.

ఆలోచన సులువే గానీ ఆచరణలో ఒళ్ళు వంచాలి. ప్రతి సీటు దగ్గరికీ ఫ్లాపీలు పట్టుకొని తిరగాలి. ఒక కంప్యూటర్‌లో మౌస్ ఆ పోర్టునే పట్టుకొని కూర్చుంటుంది. ఇంకోదానిలో జ్ఞాపకశక్తి చాలక ప్రోగ్రాం ఎక్కదు. తర్వాత్తర్వాత తెలివిగలవాళ్ళు ఫైళ్ళను సర్వర్‌లో పెట్టి, ఉదయం ఎవరు లాగిన్ అయితే వారి కంప్యూటర్‌లోకి కొత్త సెట్టింగులు వాటంతటవే చేరేలా స్క్రిప్ట్ రాసుకున్నారు. హెడ్డాఫీసు నంబరు మారితే పది సీట్లు తిరిగే పని ఒక్క ఫైలు దిద్దడంతో అయిపోయేది.

సర్వర్‌లో ఉన్న సీరియల్ చిప్ కూడా ముఖ్యమే. పాత 8250 చిప్ ఒక్క అక్షరాన్నే దాచుకోగలదు. 9600 వేగంలో అక్షరం మిల్లీసెకనుకొకటి చొప్పున వస్తుంది. నెట్‌వర్క్ పనిలో పడి సర్వర్ క్షణం ఆలస్యం చేస్తే అక్షరాలు రాలిపోతాయి. 16 అక్షరాలు దాచుకునే 16550 చిప్ వచ్చాకే ఆ బాధ తగ్గింది. ఇక వానాకాలం ఉరుము వినిపిస్తే మోడెం తీగ పీకేయడం ప్రతి ఆఫీసులో తెలిసిన జాగ్రత్తే. పిడుగు దూరంగా పడినా మోడెం మాడిపోయేది.

'మోడెం సెంటర్'

డయల్-అవుట్ మన జనజీవితాన్ని అన్నిటికంటే ఎక్కువగా తాకింది తెలుగు పత్రికల ద్వారా. 1989లో 'ఈనాడు' జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక మండల వార్తకు విలువ వచ్చింది. మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. అంతకుముందు విలేకరి రాసిన కాగితాలు కవర్‌లో బస్సెక్కేవి. తర్వాత పట్టణాల్లో 'మోడెం సెంటర్లు' వెలిశాయి, 'మోడెం ఆపరేటర్' అనే ఉద్యోగం పుట్టింది. విలేకరి చేతిరాతను టైపు చేసి, ఎడిషన్ ఆఫీసుకు డయల్ చేసి పంపడం ఆ ఆపరేటర్ పని.

లెక్క చూడండి. మూడు కిలోబైట్ల వార్త 2400 వేగంలో పన్నెండు, పదమూడు సెకన్లలో పోతుంది. 100 కిలోబైట్ల ఫొటో 9600 వేగంలో కూడా దాదాపు రెండు నిమిషాలు తీసుకుంటుంది. మధ్యలో ఎవరో పక్క గదిలో రిసీవర్ ఎత్తితే లైను తెగుతుంది. 1986లో చక్ ఫోర్స్‌బర్గ్ రాసిన జెడ్‌మోడెం పద్ధతికి అందుకే అంత ఆదరణ. తెగినచోట నుంచే మళ్ళీ పంపగలదు. యూనికోడ్ వాడుకలోకి రాని ఆ రోజుల్లో ఇంకో చిక్కు ఉంది. పంపినచోట, అందినచోట ఒకే తెలుగు ఫాంట్, ఒకే సాఫ్ట్‌వేర్ ఉండాలి. లేదంటే వార్త చేరుతుంది గానీ చదవడానికి రాదు. అందుకే ప్రతి సెంటర్‌లోనూ ఒకే రకం ఏర్పాటు ఉండేలా చూసినవాళ్ళ పని, వార్త రాసినవాళ్ళ పనికి తక్కువేమీ కాదు.

తాళం ఎవరి చేతిలో?

పాత ఆఫీసు ఫోన్లకు డయల్ రంధ్రంలో చిన్న తాళం వేలాడేది. తాళంచెవి పెద్దసారు సొరుగులో ఉండేది. ఎస్‌టీడీ చేయాలంటే ఆయన్ను అడగాలి. మోడెం వచ్చాక ఆ తాళం పనికిరాకుండా పోయింది. మోడెంకు డయల్ చక్రంతో పనిలేదు. గోడలోని సాకెట్‌కు తగిలిస్తే తానే డయల్ చేస్తుంది. తాళం అలాగే వేలాడుతుంటే బిల్లు మాత్రం పెరుగుతుంది.

తాళం పనిని అప్పుడు సాఫ్ట్‌వేర్ తీసుకుంది. ఎవరు డయల్ చేయవచ్చు, ఏ నంబర్లకు, ఏ వేళల్లో, ఎన్ని నిమిషాలు మాట్లాడక ఊరకుంటే లైను తెగాలి అనేవి అడ్మినిస్ట్రేటర్ రాసిన జాబితాలో ఉండేవి. బయటి నుంచి వచ్చే కాల్‌కు మోడెం తనంతట తాను జవాబివ్వకుండా చూడటం కూడా ఆయన బాధ్యతే. అలా జవాబిచ్చే మోడెం, ఆఫీసుకు వెనక తలుపు తీసి పెట్టినట్టే.

ఇక్కడే అసలు సమస్య. ఆ జాబితా రాసేది చాలాచోట్ల ఆఫీసులో అందరికంటే చిన్న ఉద్యోగి. కంప్యూటర్ తెలిసింది అతనికే. నిన్నటిదాకా తాళంచెవి పెద్దల చేతిలో ఉండేది, నేడు కుర్రవాడి చేతికి వచ్చింది. "సార్, లైను ఖాళీ ఉందా?" అని పెద్ద గుమాస్తా అతన్ని అడగాలి. "హెడ్డాఫీసుకు రిపోర్టు పోతాంది, పది నిమిషాలు ఆగండి" అని అతను చెప్పాలి. చాలా ఆఫీసుల్లో ఇది గొడవ కాకుండా సాగిపోవడానికి కారణం ఒక నోటు పుస్తకం. తేదీ, వేళ, ఎవరు, ఏ నంబరు, ఎన్ని నిమిషాలు అని ప్రతి కాల్ అందులో ఎక్కేది. బిల్లు వచ్చినరోజు సర్వర్ లాగ్‌ను, ఆ పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి చూసేవారు. పుస్తకంలో పెద్దసారు కాల్ కూడా ఉండేది. అధికారం ఎవరిదన్న ప్రశ్నకు ఆ రూళ్ళ పుస్తకమే జవాబు చెప్పింది.

ముగిసిన కాలం

1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ తెరిచింది. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకూ అనుమతి వచ్చింది. అదే ఏడాది 56 కిలోబిట్ల వి.90 ప్రమాణం ఖరారైంది. 1999లో విండోస్ 98 రెండో ఎడిషన్, ఒక్క కనెక్షన్‌ను అందరికీ పంచే సౌకర్యాన్ని తనలోనే కలుపుకుంది. విడిగా మోడెం పంపకం సాఫ్ట్‌వేర్ కొనాల్సిన అవసరం తగ్గింది. బ్యాంకుల కోసం హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ 1999లో ఇన్ఫినెట్ ఉపగ్రహ జాలాన్ని ప్రారంభించింది. 2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మొదలయ్యాక మోడెం కూత ఆఫీసుల్లో వినిపించడం మానేసింది.

తెలుగునాట కంప్యూటర్ చరిత్ర రాసినవాళ్ళు హైటెక్ సిటీ దగ్గర మొదలుపెడతారు. జిల్లా కేంద్రాల్లో ఒక్క లైను మీద ఆఫీసులు నడిపినవాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. వాళ్ళు నేర్పిన పాఠం మాత్రం నేటికీ పనికొస్తుంది. ఇవాళ ఆఫీసు వైఫై పాస్‌వర్డ్ ఎవరికి ఇవ్వాలి, ఎవరేం చూశారన్నది ఎవరు రాసిపెట్టాలి అని తర్జనభర్జన పడుతున్న సంస్థలు, ఆ నోటు పుస్తకం నియమాన్ని ఒకసారి గుర్తుచేసుకుంటే మంచిది. లెక్క అందరికీ ఒకటే ఉండాలి, అందరికీ కనిపించాలి.

చివరగా పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీ ఇంటి అటకమీద పాత మోడెం ఉంటే, కాల్స్ రాసిన పుస్తకం ఉంటే, గోడకు అంటించిన ఆ ఏటీ ఆదేశాల కాగితం ఉంటే పాతసామానుకు వేయకండి. మన పాఠశాల సైన్సు గదిలో ఒక అల్మారా అడిగి తీసుకుందాం. వస్తువుతోపాటు ఏ సంవత్సరం, ఏ పనికి వాడారన్నది ఒక పేజీ రాసి ఇవ్వండి. తాళం వేసిన డయల్ ఫోను ఎవరి దగ్గరైనా ఉంటే మరీ సంతోషం. పిల్లలకు దాన్ని చూపించి, మోడెం ముందు ఆ తాళం ఎందుకు ఓడిపోయిందో వాళ్ళనే ఆలోచించి చెప్పమందాం.